తలక్రిందుగా వ్రేలాడుటయు మగ్గపువారి నడుమునొప్పియు
(వార్షిక మహాసభ రెండవనాటి యుదయమున చేసిన యుపన్యాసము)



విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు, నూలుధరలను గూర్చియు పెద్దలు మాటలాడిన పిమ్మట నడుమునొప్పిని గూర్చి మాటలాడుటకు మమ్ము నిలువబెట్టిన కార్యవర్గమువారికి కృతజ్ఞులము. ఇది చిన్నవిషయమని యెవరైన తలంచినచో, ఈ పందిటిలో నలువదియేండ్లు దాటినవారు తమ చేయి యిప్పు డెక్కడ నున్నదో యొకసారి చూచుకొందురు గాక. మాకు వేదికమీదినుండి స్పష్టముగా కనబడుచున్నది. సగముమంది చేతులు నడుముమీదనే యున్నవి.

ఈ ప్రసంగమునకు కారణ మిది. మన సంఘపోషకులలో నొకరు, తమ పేరు చెప్పవలదని కోరిన యుదారులు, నేతపని చేయు మనవా రెక్కువగా నున్న ఊళ్ళకు ఊరికొకటి చొప్పున తలక్రిందు బల్లలను కొని యిత్తుమని ముందునకు వచ్చిరి. చీలమండలయొద్ద పాదములను బిగించి, ఇరుసుమీద త్రిప్పి, మనుష్యుని తల క్రిందికిని కాళ్ళు మీదికిని వచ్చునట్లు చేయు బల్ల యది. వారు తమ నడుమునొప్పికి దానిని వాడి యుపశమనము పొందిరి. తాము పొందిన సుఖమును కులబాంధవులు కూడ పొందవలెనను కోరికకంటె శ్లాఘ్యమైన దేమున్నది? అయినను కార్యవర్గమువారు ద్రవ్యము స్వీకరింపకమునుపు మా యభిప్రాయ మడిగిరి. మేము నేతవారింట పుట్టి, వైద్యము చదివి, ముప్పదియేండ్లుగా నడుములు చూచుచున్నవారము. పుస్తకము చూచి చెప్పుట చాలదని, ఒక బల్లను తెప్పించి మూడునెలలు మేమే దానిపై వ్రేలాడి, ఈనాడు మీ యెదుట నిలువుగా నిలిచియున్నాము.

మన పురాణములలో తలక్రిందుగా వ్రేలాడినవారు సుఖపడినట్లు కానరాదు. త్రిశంకువు స్వర్గమునకు పోబోయి, ఇంద్రునిచే త్రోయబడి, విశ్వామిత్రుని మాటవలన నడిమియాకాశమున తలక్రిందుగా నిలిచిపోయెను. భారతము ఆదిపర్వమున జరత్కారువు చూచిన పితృదేవతలు గడ్డిపరకను పట్టుకొని గుంటలోనికి తలక్రిందుగా వ్రేలాడుచుండగా, ఆ పరకను ఎలుక కొఱుకుచుండెను. వారి బాధ సంతానము లేక వంశము తెగిపోవుచున్నందులకే గాని నడుమునొప్పికి గాదు. గబ్బిలమునకు మాత్రమే ఆ భంగిమ సహజము. దాని కాలివ్రేళ్ళ నరములు బరువునకు తమంతట తామే బిగిసికొనును గనుక వ్రేలాడుటకు దానికి శ్రమ లేదు. మనకు అట్టి యేర్పాటు లేదు.

వైద్యమున ఈ పద్ధతి క్రొత్తది కాదు. క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దమున పుట్టిన యవనవైద్యుడు హిపొక్రటీసు పేర నున్న కీళ్ళగ్రంథములో, గూని సరిచేయుటకై రోగిని నిచ్చెనకు కట్టి, కొందఱిని తలక్రిందుగా, కొందఱిని నిలువుగా నుంచి, నిచ్చెనను మీదినుండి క్రిందికి పడవేసి కుదుపు విధానము వర్ణింపబడినది. వ్రాసినవాడే ఒకమాట దాచక చెప్పెను. ఈ పనిని జనుల నోళ్ళు తెఱపింపగోరు వైద్యులే మిక్కిలిగా చేయుదురనియు, దీనివలన గూని తీరినవాడు తన యెఱుకలో లేడనియు వ్రాసెను. రెండువేల నాలుగువందల యేండ్లు గడచినను నోళ్ళు తెఱపించు గుణము తలక్రిందు చికిత్సకు పోలేదు. అందుచేతనే దీనిని నింపాదిగా విచారింపవలయును.

ముందు నడు మెట్లు బాధపడుచున్నదో చూతము. మెడనుండి నడుముక్రింద వఱకు వెన్నుపూసల నడుమ 23 మెత్తలున్నవి. వీనినే డిస్కులందురు. ఒక్కొక్కటి వెలుపల నారపొరలు చుట్టిన గట్టి వలయము, లోపల నీటితో నిండిన జిగురుగుజ్జు. పెద్దవారి డిస్కులోనికి రక్తనాళములు పోవు. చుట్టునున్న యెముకనుండి యూరిన సారమే దానికి ఆహారము. పగలు బరువు పడినప్పుడు నీరు కొంత వెలికి పోవును. రాత్రి పండుకొన్నప్పుడు మరల పీల్చుకొనును. ఉదయమున లేచినప్పటి మన యెత్తు సాయంకాలమునకు సుమారు నూటికొకవంతు తగ్గుట ఇందువలననే. నమ్మనివారు ఇంటిగోడకు గీతలు గీసి చూచుకొనవచ్చును.

ఈ మెత్తలమీద ఏ భంగిమలో నెంత యొత్తిడి పడునో స్వీడను దేశపు వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960 ప్రాంతముల యేండ్లలో సూది గ్రుచ్చి కొలిచెను. తరువాత 1999లో జర్మనీదేశపు ఉల్మ్ నగరమున విల్కె యను పండితుడును, ఆయన తోడివారును ఒక వ్యక్తి నడుములో చిన్న కొలపరికరము నుంచి మరల కొలిచిరి. ఒకే మనుష్యుని లెక్క గనుక దానిని వేదవాక్యముగా కొనరాదు. కాని సుమారుగా గ్రహించుటకు చాలును. వెల్లకిల పండుకొన్నప్పుడు చదరపు సెంటిమీటరునకు ఒక కిలో, నిలుచున్నప్పుడు అయిదు కిలోలు, ఆనుడు లేక సుఖముగా కూర్చున్నప్పుడు అయిదింటికి కొంచెము తక్కువ, కూర్చుండి బాగుగా ముందునకు వంగినప్పుడు ఎనిమిది కిలోలపైన, నిలుచుండి వంగినప్పుడు పదునొకండు, వీపు వంచి 20 కిలోల బరువెత్తినప్పుడు ఇరువదిమూడు! కూర్చుండుట నిలుచుండుటకంటె హెచ్చుభారమని నాకెమ్సన్ చెప్పగా, విల్కె లెక్కలో అట్లు తేలలేదు. ముందునకు వంగుట మాత్రము ఇరువురి లెక్కలోను నడుమునకు శత్రువే.

ఇప్పుడు మన గుంటమగ్గమును తలచుకొనుడు. నేతగాడు గుంట యంచున కూర్చుండి, కాళ్ళు గుంటలోనికి జాచి చెక్కలు త్రొక్కుచు, వెనుక ఆనుడు లేక, పడుగుమీదికి వంగి, నాడె విసరుచు, పలక కొట్టుచుండును. పోగు తెగినచో అతుకుటకు ఇంకను వంగును. ఎనిమిదితొమ్మిది గంటలు ఇదే పని. నడుమునకు ఎనిమిదికిలోల భంగిమ దినమంతయు తప్పదు. 2019–20లో జరిగిన నాలుగవ అఖిలభారత చేనేతగణన ప్రకారము దేశమున చేనేతలోను దాని యనుబంధపు పనులలోను నున్నవారు 35 లక్షలకు పైబడిరి. వారిలో నూటికి డెబ్బదికి పైగా స్త్రీలు. కండెలు చుట్టునది, ఆసు పోయునది, గంజిపెట్టిన పడుగును వీథిలో సాచి సరిచేయునది మిక్కిలిగా వారే. వారి నడుములు ఏ లెక్కలోను వ్రాయబడుట లేదు. నడుమునొప్పి వచ్చినప్పుడు పురుషుడు మగ్గము దిగును. స్త్రీ మగ్గపుపని విడిచి వంటపని కెక్కును. ఈ భేదమును మేము ముప్పదియేండ్లుగా చూచుచున్నాము.

అట్టి నడుమును తలక్రిందు చేసిన నేమగును? సుమారు 60 కిలోల మనిషి చీలమండలమీద పూర్తిగా వ్రేలాడినప్పుడు, నడుమునకు పైభాగమున నుండు మొండెము, చేతులు, తల కలిసి దాదాపు సగముబరువు, అనగా 30 కిలోలు, ఆ నడుమును క్రిందికి లాగును. నిలుచున్నప్పుడు ఒత్తిన బరువే ఇప్పుడు లాగుచున్నదన్నమాట. బిగిసిన పడుగును వదులు చేసినట్లు పూసల నడుమ సందు కొంచెము పెరుగును, కండరములు సడలును, నొక్కుకొన్న నరమునకు ఊపిరాడును. దీనిలో మాయ లేదు, భూమ్యాకర్షణమే. బల్లను సగమే వంచినప్పుడు లాగుడు కూడ తగ్గును. ముప్పది డిగ్రీల వంపులో పూర్తి లాగుడులో సగము వచ్చును. అందులోను వీపునకును బల్లకును గల రాపిడి కొంత తినివేయును. అనగా కొద్దిగా వంచిన బల్లమీద కలుగు సుఖములో పండుకొన్న సుఖము పాలే యెక్కువ. వారు బల్లకు వెల చెల్లించిరి గనుక ఈ మాట కొందఱికి రుచింపదు.

ఇచ్చట ఒక పొరపాటును తొలగింపవలయును. “శీర్షాసనము మన పూర్వులదే గదా, ఆ బల్లయు నదే గదా” యని పలువురు మమ్మడిగిరి. అవి రెండును ఒకటి కావు. శీర్షాసనమున శరీరము తలమీదను ముంజేతులమీదను నిలుచును, వ్రేలాడదు. బరువును మెడయు భుజములును మోయును. నడుముమీదికి కాళ్ళ బరువు దిగును. కావున అందు నడుము లాగబడదు, నొక్కబడును. మెడపూసలు చెడినవారికి అది యపాయము. నెహ్రూగారు శీర్షాసనము వేయుట నెల్లరు నెఱుగుదురు. వారు దానిని నడుమునకు చికిత్సగా వేయలేదు. హఠయోగప్రదీపికలో విపరీతకరణిని వర్ణించినది కూడ వేఱు ప్రయోజనమునకే. వ్రేలాడుటకు దగ్గఱగా నున్నది పుణెలో బి.కె.యస్. అయ్యంగారుగారు గోడకు త్రాళ్ళు కట్టి నేర్పిన పద్ధతి. త్రాడు తుంటియొద్ద పట్టుకొనగా మొండెము క్రిందికి వ్రేలాడును, తల నేల నంటదు, చీలమండలకును బాధ లేదు. కాని ఆ త్రాడు కట్టువాడు గురువై యుండవలయును. మన దూలమునకు మనము కట్టుకొను త్రాడు గురువు కాదు.

ఇక ఈ బల్లలు లోకమున నెట్లు ప్రబలెనో చెప్పెదము. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున రాబర్ట్ మార్టిన్ అను వైద్యుడు చీలమండలకు పట్టాలు వేసి వ్రేలాడు విధానమును ప్రచారము చేసెను. 1980లో వచ్చిన ‘అమెరికన్ జిగొలో’ యను చలనచిత్రమున కథానాయకుడు అట్టి పట్టాలతో వ్రేలాడుట చూచి జనులు ఆ పట్టాలకై అంగళ్ళమీద పడిరి. వైద్యము సినిమావెంట నడచుట ఆ దేశమునకే చెల్లలేదు, మనకును తెలిసినదే.

శాస్త్రీయముగా దీనికి అనుకూలమైన సాక్ష్యము ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమునుండి వచ్చినది. మంజునాథ ప్రసాద్ అను శస్త్రవైద్యుడును, ఆయన సహచరులును 2012లో ప్రకటించిన పరీక్ష యది. ఒకే డిస్కు జారి కాలునరము నొక్కుకొని, శస్త్రచికిత్సకు నిర్ణయింపబడిన 24 మందిని చీటీలు వేసినట్లు రెండుభాగములు చేసిరి. 13 మందికి తలక్రిందు బల్లయు, దానితో వ్యాయామచికిత్సయు, 11 మందికి వ్యాయామచికిత్స మాత్రమే యిచ్చిరి. బల్ల పొందినవారిలో పదిమందికి శస్త్రచికిత్స తప్పినది. రెండవభాగమున ఇద్దఱికే తప్పినది. దాతగారు మాకు చూపిన కాగితమున ఈ లెక్కయే పెద్ద యక్షరములతో నున్నది, అది నిజమే. కాని ఆ పరీక్ష చేసినవారే దానిని ప్రాథమికపరీక్ష యని చెప్పుకొనిరి. ఇరువదినలుగురి నడుములతో లోకమునకు శాసనము వ్రాయరాదు. పైగా వారందఱు జారిన డిస్కువారు. వంగి వంగి కండరములు అలసిన మన నేతవారిలో అధికులు ఆ తెగవారు కారు.

ప్రతికూలముగా నున్నవి పెద్దలెక్కలు. నడుమును లాగు చికిత్సలన్నిటిని, అనగా బరువులు కట్టి లాగునవి, యంత్రముతో లాగునవి మొదలగువానిని గూర్చి జరిగిన 32 పరీక్షలను, వానిలోని 2762 మందిని ఒకచోట చేర్చి 2013లో కోక్రేన్ సంస్థవారు సమీక్షించిరి. నొప్పిపైగాని, పనిచేయు శక్తిపైగాని ఆ లాగుడునకు ప్రభావము స్వల్పము లేక శూన్యమని వారు తేల్చిరి. ప్రపంచారోగ్యసంస్థవారు 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుమునొప్పిని గూర్చి ప్రకటించిన మార్గదర్శకములో వ్యాయామమును, రోగికి తన నొప్పిని గూర్చి తెలియజెప్పుటను మెచ్చి, లాగుడుచికిత్సను, నడుముపట్టీలను వాడవలదని చెప్పిరి. 2020లో లోకమున నడుమునొప్పిగలవారు 61 కోట్ల 90 లక్షలని యంచనా. ఇంతమందికి ఒక బల్ల చాలియుండినచో ఈపాటికి చాలియుండెడిది.

మఱియొక వింత వినుడు. నడుముమీద బరువే లేనిచోటు అంతరిక్షము. అచ్చటికి పోయిన వ్యోమగాముల వెన్ను సాగి, వారి యెత్తు నూటికి మూడువంతుల వఱకు పెరుగును. అట్టివారి నడుములు సుఖముగా నుండవలెను గదా? వారిలో చాలమందికి మొదటి దినములలో నడుమునొప్పియే కలుగుచున్నది. తిరిగివచ్చిన పిమ్మట డిస్కు జారు ప్రమాదము కూడ సామాన్యులకంటె వారికి హెచ్చు. బరువు తీసివేయుటయే ఔషధ మన్న తలపు ఇచ్చట తడబడుచున్నది. వెన్నునకు బరువును కావలయును, విరామమును కావలయును.

ఇక మా యనుభవము. మొదటిదినమున ఇరువది డిగ్రీలకే ముఖమున రక్తము నిండి, చెవులు దిబ్బడవేసెను. వారము దాటినపిమ్మట నలువదియైదు డిగ్రీలలో రెండునిమిషము లుండగలిగితిమి. అప్పుడు కలిగిన సుఖమును దాచుట న్యాయము గాదు. నడుమున ఏండ్లతరబడి పడియున్న చిక్కుముడి యొకటి తనంతట తానే విడినట్లుండెను. దిగినపిమ్మట అరగంట, ఒక్కొక్కనాడు గంట, ఆ తేలిక నిలిచెడిది. దాతగారు చెప్పినది అబద్ధము కాదు. పిమ్మట మేము వైద్యశాలలో మా కుర్చీలో వంగి కూర్చుండి వ్రాయ మొదలిడగా పాతనొప్పి పాతచోటనే కనబడెడిది. మూడవవారమున పూర్తిగా తలక్రిందు కాగా, చీలమండలు కమిలి, కన్నులచుట్టు ఎఱ్ఱని చిన్నచుక్కలు లేచెను. అంతటితో పూర్తి వ్రేలాటను మానితిమి.

మా తప్పొకటి ఇచ్చట ఒప్పుకొనవలయును. బల్లను వసారాలో తాళములేక యుంచితిమి. మా మేనమామగారు, అఱువదియెనిమిదేండ్లవారు, రక్తపుపోటునకు మాత్రలు వేసికొనువారు, ఇప్పటికిని మగ్గము విడువనివారు, మేము లేనివేళ దానిపై కెక్కిరి. రెండుమూడు నిమిషములు సుఖముగానే యుండిరట. లేచునప్పుడు ఒక్కపెట్టున నిలువుగా వచ్చి, దిగి, రెండడుగులు వేసి, కన్ను చీకట్లు క్రమ్మి పడిపోయిరి. కుడి మణికట్టు విరిగినది. రెండునెలలు నాడె విసరలేదు. పండుగకు ఒప్పుకొన్న చీరలు ఇతరులు నేసిరి. మేము వెళ్ళి క్షమాపణ చెప్పుకొనగా ఆయన నవ్విరి గాని, ప్రక్కన కండెలు చుట్టుచున్న మా అత్తయ్యగారు నవ్వలేదు. “నాయనా, నడుమును తలక్రిందు చేసిన నేమి? లేచిన తరువాత మరల ఆ గుంటలోనే గదా కూర్చుండవలసినది?” అని యడిగిరి. మే మేమియు చెప్పలేక యింటికి వచ్చితిమి.

కావున ఎవ్వరు వ్రేలాడకూడదో ముందు చెప్పెదము. రక్తపుపోటు గలవారు, గుండెజబ్బు గలవారు, ఒకసారి పక్షవాతము వచ్చినవారు, రక్తము పలుచబడుటకు మందు తినువారు, గర్భిణీస్త్రీలు, ఎముకలు గుల్లబాఱిన వృద్ధులు, కడుపులోని పులుసు గొంతులోనికి తన్నువారు ఆ బల్ల దఱికి పోరాదు. అన్నిటికంటె ముఖ్యము కన్ను. 1985లో అమెరికా వైద్యులు తలక్రిందుగా వ్రేలాడువారి కంటిలోని పీడనము రెండింతలగుటను కొలిచి ప్రకటించిరి. చెన్నపట్టణమున శంకర నేత్రాలయమువారు 2006లో శీర్షాసనము వేయు 75 మందిని పరీక్షించి అట్టి రెండింతల పెరుగుదలనే కనుగొనిరి. నీటికాసులు గలవారికి ఇది చూపును హరింపవచ్చును. నీటికాసుల దుర్గుణ మేమనగా, నొప్పి లేక వచ్చును, ఉన్నట్లు రోగికే తెలియదు. పోగును కంటికి దగ్గఱగా చూచుటయే బ్రతుకుతెరువుగా గల మనము నడుము కొఱకు కన్నును పందెము కట్టవచ్చునా?

అదిగాక నడుమునొప్పితో కాలు బలము తగ్గుచున్నను, తొడల నడుమ స్పర్శ పోవుచున్నను, మూత్రము పట్టు తప్పినను, జ్వరము గాని బరువు తగ్గుట గాని కనబడినను, బల్లను గూర్చి గాని తైలమును గూర్చి గాని ఆలోచింపక ఆనాడే పెద్దవైద్యశాలకు పోవలయును. ఆ వేళ ఒకదినము జాగు చేసినవారు జీవితాంతము చింతించుటను మేము చూచియున్నాము.

ఏ దోషమును లేనివారు వ్రేలాడగోరినచో మా సలహా యిది. వైద్యునిచేత పోటును, కన్నులను చూపించుకొనిన పిమ్మటనే ఎక్కవలయును. ఇరువది ముప్పది డిగ్రీలతో ఒక నిమిషమునకు మొదలిడి, ఎన్నడును అఱువది దాటరాదు. ప్రక్కన నొకరు లేక ఎక్కరాదు. లేచునప్పుడు మధ్యలో అడ్డముగా ఒక నిమిషము నిలిచి, నిలువుగా వచ్చిన పిమ్మట మఱియొక నిమిషము బల్లకే ఆనియుండి, అప్పుడు దిగవలయును. మా మేనమామగారు విడిచినవి ఈ రెండునిమిషములే.

వెల లేని యుపాయములు కూడ కలవు. నేలమీద వెల్లకిల పండుకొని, పిక్కలను పీటమీదనో మంచముమీదనో ఉంచి, తుంటియు మోకాళ్ళును లంబముగా వంగునట్లు పదినిమిషము లుండుడు. తల నేలమీదనే యుండును గనుక కన్నునకు, గుండెకు భయము లేదు. నడుమునకు కలుగు విశ్రాంతి బల్లయిచ్చు దానికి మిక్కిలి తీసిపోదు. భుజములు గట్టిగా నున్నవారు దూలమును చేతులతో పట్టుకొని, పాదముల వ్రేళ్ళు నేలకు తగులుచుండ, కొంచెము బరువు వదలవచ్చును. అప్పుడు కాళ్ళును తుంటియు నడుమును లాగును, తల పైననే యుండును. చిన్నతనమున మఱ్ఱియూడలు పట్టుకొని ఊగినప్పుడు మనము చేసినది ఇదియే. దూలమునకు చెదలు పట్టలేదని మాత్రము ముందు చూచుకొనుడు.

కాని యివన్నియు నొప్పి వచ్చిన తరువాతి మాటలు. మా అత్తయ్యగారి ప్రశ్న మా చెవిలో నుండగా మే మింకొకరి తల్లిని తలచుకొంటిమి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారి తల్లి ఆసు పోయుచు, ఒక్క చీరకు వేలసార్లు చేయి నిటునటు త్రిప్పి, భుజము నొప్పితో బాధపడుచుండెడిది. ఆయన తల్లి భుజమునకు తైలము వెదకలేదు. ఆసునే మార్చెను. ఏండ్లతరబడి అప్పులతో, అవమానములతో పెనగులాడి 1999లో ఆసుయంత్రమును సిద్ధముచేసి, దానికి తల్లిపేర లక్ష్మీ ఆసుయంత్రమని పేరిడెను. 2017లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. పోచంపల్లి ప్రాంతమున ఎన్నియో యిండ్లలో స్త్రీల భుజములు నేడు ఆ యంత్రముచేత కాపాడబడుచున్నవి. ఆయన మన వృత్తివాడే గాని వైద్యుడు కాడు. మేము వైద్యుల మయ్యును ఆ పని చేయలేదు. ఇది ఒప్పుకొనుటకు మాకు సిగ్గు లేదు.

మగ్గపుగుంటను పూడ్చివేయుడని మేము చెప్పుట లేదు. గుంట యొద్ద తేమ నిలుచును గనుక పోగు తక్కువగా తెగునని నేతవారందఱు నెఱుగుదురు. చట్రపుమగ్గము ఎత్తున నుండుట నడుమునకు మేలైనను, అన్ని నూళ్ళకును అన్ని యిండ్లకును అది యొప్పదు. అయినను కూర్చుండు పీటను మార్చుట కెవ్వరి యనుమతియు నక్కరలేదు. మా యూరిలో కొందఱిండ్ల పీటను నాలుగు వ్రేళ్ళెత్తు పెంచి, ముందునకు కొంచెము వాలుగా చేయించి, మోకాళ్ళు తుంటికంటె దిగువ నుండునట్లు సవరించితిమి. అట్లు కూర్చుండినప్పుడు నడుము తనంతట తానే నిలువబడును. వెనుక గోడ యున్నచోట ఆనుకొనుటకు గట్టి దిండు కట్టించితిమి. పోగు కనబడక వంగువారికి పడుగుమీదికి వెలుతురు వచ్చునట్లు దీపము మార్పించితిమి. ఒక పెద్దాయనకు కంటి అద్దములు మార్చుటతోనే సగము వంగుట తగ్గినది. వీనిలో దేనికిని అద్భుతఫలము వచ్చినదని మేము చెప్పము. నొప్పి తగ్గినదనినవారును కలరు, తగ్గలేదనినవారును కలరు. ఆ పీటమీద కూర్చుండి యెవ్వరును మణికట్టు విఱుగగొట్టుకొనలేదు. ప్రతి కండెకు ఒకసారి, లేదా అరగంటకొకసారి, లేచి నిలిచి వెనుకకు వంగి పదియడుగులు వేయుట అన్నిటికంటె మేలు. ఇది విని “లేచినంతసేపు కూలి యెవడిచ్చును?” అని యడిగిన యువకునికి మే మింతవఱకు సరియైన ప్రత్యుత్తర మీయలేదు. కూలి ధరలు నిర్ణయించు పెద్దలు ఈ సభలోనే యున్నారు.

దాతగారి యౌదార్యమును త్రోసిపుచ్చుట మా యభిమతము గాదు. ఊరికొక బల్ల యని పంచిపెట్టి తాళములేని వసారాలలో నుంచుటకు మాత్రము మేము సమ్మతింపము. రెండు బల్లలు చాలును. వ్యాయామచికిత్స తెలిసినవారు దినమంతయు నుండు రెండుచోట్ల వానిని నిలిపి, న్యూకాసిల్ పరీక్షలోనివారివలె డిస్కు జారి శస్త్రచికిత్సకు చీటీ పొందినవారికి ముందుగా అవకాశ మీయవలయును. మిగిలిన ద్రవ్యముతో పీటలు, దిండ్లు, దీపములు, కంటిపరీక్షలు, సంవత్సరమునకు రెండుసార్లు మగ్గములయొద్దకే వైద్యుని రాక యేర్పఱుపవలయును. కండెలు చుట్టు స్త్రీలకు నేలమీదినుండి లేపి కుర్చీయెత్తున రాట్నము నమర్చుటకు ఒక భాగము వేఱుగా నుంచవలయునని మా ప్రత్యేకప్రార్థన. నిన్నటిరాత్రి దాతగారితో ఈ విషయము ముచ్చటించితిమి. వారు కొంతసేపు మౌనముగా నుండి, తమ తల్లిగారు రాట్నముమీద వంగియే వృద్ధురా లయ్యెనని చెప్పి, కార్యవర్గమువారు నిర్ణయించినట్లే కానిండనిరి. తీర్మానము సాయంకాలపు సభలో చర్చకు వచ్చును.

చూడగోరువారికొఱకు మా బల్లను ఈ మందిరపు తూర్పువసారాలో నుంచితిమి. ఈసారి తాళము వేసియున్నది, తాళపుచెవి మాయొద్ద నున్నది. నాలుగుగంటలకు తెఱచెదము. ఎక్కదలచినవారు ముందు పోటు చూపించుకొనవలయును. మధ్యాహ్నభోజనమున బూరెలు, పులిహోర యున్నవని వినుచున్నాము. అవి తిన్నవారు రెండుగంటలు గడువక బల్ల దఱికి రావలదు.